పూటకు బదులు పొడి: పాతబస్తీలో ఊబకాయం, కొలత భోజనం
(స్మారకోపన్యాస పాఠం)

బరువు తగ్గడం కోసం మామూలుగా తినే ఒక పూట భోజనాన్నో, రోజంతా తినే తిండినో పక్కన పెట్టి, ఆ స్థానంలో ముందే కొలిచి తయారుచేసిన షేక్, సూప్, బార్ వంటివి తీసుకోవడాన్ని మీల్ రీప్లేస్‌మెంట్ అంటారు. వాడుకలో ఇది ‘షేక్ తాగడం’. డబ్బా మీద ఏ పేరున్నా లోపలి వస్తువు దాదాపు ఒకటే: పాల నుంచో సోయా నుంచో తీసిన ప్రొటీన్, కొంత పిండిపదార్థం, కొద్దిగా కొవ్వు, కాస్త పీచు, రోజుకు కావలసిన విటమిన్లలో, ఖనిజ లవణాలలో ఒక వంతు. ఈ పద్ధతి రెండు రకాలు. ఒకటో రెండో పూటలు మాత్రం షేక్‌తో గడిపి మిగతాది ఇంట్లో తినడం మొదటిది. కొన్ని వారాల పాటు అన్నం, రొట్టె, కూర ఏదీ ముట్టకుండా పూర్తిగా వీటి మీదే ఉండడం రెండోది. ఈ రెంటికీ పొడి ఒకటే కావచ్చు గానీ వైద్యం ఒకటి కాదు. మొదటిదాన్ని మనిషి తనంతట తాను చేయగలడు. రెండోదానికి డాక్టరు ఉండాలి.

ఏ పొడిని పడితే ఆ పొడిని భోజనమని అమ్మడానికి వీల్లేదు. అంతర్జాతీయ ఆహార ప్రమాణాలు నిర్ణయించే కోడెక్స్ సంస్థ 1991లో దీనికో హద్దు గీసింది. ఒక పూటకు బదులుగా అమ్మే పదార్థంలో 200 నుంచి 400 కేలరీలు ఉండాలి. రోజు మొత్తానికి బదులుగా అమ్మేదైతే 800 నుంచి 1200. ఆ శక్తిలో పావు వంతుకు తగ్గకుండా, సగానికి మించకుండా ప్రొటీన్ నుంచి రావాలి. అంతకన్నా తక్కువ శక్తినిచ్చే, రోజుకు 450 నుంచి 800 కేలరీల ఆహారాలకు 1995లో వేరే ప్రమాణం వచ్చింది. అందులో రోజుకు కనీసం 50 గ్రాముల ప్రొటీన్, 50 గ్రాముల పిండిపదార్థం ఉండి తీరాలి. మన దేశంలో ఇటువంటి ఆహారాలు ఆహార భద్రతను చూసే ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ సంస్థ 2016 నాటి నిబంధనల కిందికి వస్తాయి.

పొడిని కొలిచి భోజనం చేయడం హైదరాబాదుకు కొత్త కాదు. 1918లో కూనూరులో బెరిబెరి వ్యాధి పరిశోధన కోసం పుట్టి, 1958లో ఈ నగరానికి తరలివచ్చి, 1969 నుంచి జాతీయ పోషకాహార సంస్థగా పేరు మార్చుకున్న తార్నాక పరిశోధనశాల, బక్కచిక్కిన పిల్లల కోసం ఒక మిశ్రమం తయారుచేసింది. దాని పేరే ‘హైదరాబాద్ మిక్స్’. గోధుమలు 40 గ్రాములు, శనగలు 16, వేరుశనగలు 10, బెల్లం 20. వేయించి పొడి కొట్టిన ఆ 86 గ్రాములలో 330 కేలరీలు, 11 గ్రాముల పైచిలుకు ప్రొటీన్. ఇప్పుడు అంగన్‌వాడీలలో ఇచ్చే, నాచారంలోని తెలంగాణ ఫుడ్స్‌లో తయారయ్యే బాలామృతం కూడా ఆ తోవలోదే.

ఇక్కడ ఒక చిన్న లెక్క చూడాలి. 330 కేలరీలంటే కోడెక్స్ గీసిన 200–400 హద్దు లోపలే. కేలరీల వరకే చూస్తే హైదరాబాద్ మిక్స్ కూడా ఒక పూట షేక్‌తో సమానం. తేడా ప్రొటీన్ దగ్గర ఉంది. గ్రాముకు 4 కేలరీల చొప్పున 11 గ్రాముల పైచిలుకు ప్రొటీన్ నుంచి వచ్చేది సుమారు 45 కేలరీలు. అంటే మొత్తంలో ఏడో వంతు కూడా కాదు. బరువు తగ్గించే పొడిలో అది కనీసం నాలుగో వంతు ఉండాలి. పెరగవలసిన పిల్లవాడికి శక్తి ముఖ్యం. తగ్గవలసిన పెద్దవాడికి శక్తి తగ్గినా కండ కరగకుండా ఉండడం ముఖ్యం. ఒకే ఊరిలో, యాభై అరవై ఏళ్ళ వ్యవధిలో, పొడి చేయవలసిన పని తలకిందులైంది.

అమెరికాలోనూ కథ ఇంచుమించు ఇదే. మీడ్ జాన్సన్ అనే మందుల కంపెనీ రోగులకు బలం కోసం అమ్మే పొడినే కొద్దిగా మార్చి 1959లో ‘మెట్రికాల్’ పేరుతో సన్నబడే పానీయంగా అమ్మింది. రోజుకు నాలుగు గ్లాసులు, 900 కేలరీలు. 1977లో స్లిమ్‌ఫాస్ట్ వచ్చింది. ఇంగ్లండులో అలన్ హోవార్డ్ అనే శాస్త్రవేత్త పరిశోధనల నుంచి కేంబ్రిడ్జ్ డైట్ పుట్టింది. ఈ చరిత్రలో ఒక నల్లని పుట ఉంది. 1976లో రాబర్ట్ లిన్ అనే వైద్యుడు ‘లాస్ట్ ఛాన్స్ డైట్’ అనే పుస్తకంలో ద్రవరూప ప్రొటీన్ మీదే బతకమని చెప్పాడు. ఆ ప్రొటీన్ పశువుల తోళ్ళు, ఎముకలలోని కొలాజెన్ నుంచి తీసింది. శరీరానికి తప్పనిసరిగా కావలసిన అమైనో ఆమ్లాలు అందులో సరిపడా లేవు. ఒకటి రెండేళ్ళలోనే దాని మీద ఉన్న పదుల మంది గుండె లయ తప్పి చనిపోయారు. కోడెక్స్ ప్రమాణాలలో ప్రొటీన్ ఎంతన్నదే కాక దాని నాణ్యత గురించి కూడా పట్టుబట్టడం ఎందుకో ఈ అనుభవం చెబుతుంది.

హైదరాబాదు పాతబస్తీకి ఆ పుట ఇప్పటికీ పనికొస్తుంది. బార్కాస్ పహిల్వాన్ల పేట. కుస్తీ నేర్పే తాలీమ్‌ఖానాల పక్కనే జిమ్‌లు వెలిశాయి, జిమ్‌ల పక్కన ప్రొటీన్ డబ్బాల దుకాణాలు. కండలు పెంచే కుర్రవాడు తాగే ప్రొటీన్ పొడిని, ఇంట్లో పొట్ట తగ్గవలసిన పెద్దవాడు పూటకు బదులుగా తాగడం మామూలే. అది మీల్ రీప్లేస్‌మెంట్ కాదు. అందులో ప్రొటీన్ ఉంటుంది గానీ ఇనుము, కాల్షియం, అయొడిన్, కొవ్వు ఆమ్లాలు లెక్క ప్రకారం ఉండవు. జాతీయ పోషకాహార సంస్థ 2024 మేలో వెలువరించిన ఆహార మార్గదర్శకాలు కండల కోసం ప్రొటీన్ సప్లిమెంట్లు వాడవద్దనే చెప్పాయి. భోజనానికి బదులు అనుకున్నప్పుడు డబ్బా వెనక అక్షరాలు చదవాలి. ముందువైపు అక్షరాలు అమ్మకానికి రాసినవి.

ఊబకాయం ఎవరికి ఉన్నట్టు అనే ప్రశ్నకు మన దగ్గర జవాబు యూరప్‌లో లాంటిది కాదు. కిలోలలో బరువును మీటర్లలో ఎత్తు వర్గంతో భాగిస్తే వచ్చే బీఎంఐ 30 దాటితే అక్కడ ఊబకాయం. భారతీయులకు 23 దాటితే అధిక బరువు, 25 దాటితే ఊబకాయం అని 2009లో మన వైద్యులు ఒక అంగీకారానికి వచ్చారు. నడుము చుట్టుకొలత మగవారిలో 90 సెంటీమీటర్లు, ఆడవారిలో 80 దాటకూడదు. దీనికి కారణం ఒక ఫొటోలో బాగా కనిపిస్తుంది. 2004లో లాన్సెట్ పత్రికలో పుణేకు చెందిన యాజ్ఞిక్, లండన్‌కు చెందిన యుడ్‌కిన్ అనే ఇద్దరు వైద్యులు పక్కపక్కన నిలబడిన బొమ్మ అచ్చయింది. ఇద్దరి బీఎంఐ 22.3. లండన్ వైద్యుడి ఒంట్లో కొవ్వు 9.1 శాతం, పుణే వైద్యుడి ఒంట్లో 21.2 శాతం. తూకం ఒకటే, లోపల సరుకు వేరు. మన కొవ్వు పొట్ట చుట్టూ, కాలేయంలో చేరుతుంది, షుగర్‌కు తొందరగా దారి తీస్తుంది.

2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం తెలంగాణలో 30.1 శాతం స్త్రీలు, 32.3 శాతం పురుషులు బీఎంఐ 25 లేదా అంతకు మించి ఉన్నవారు. దేశం మొత్తం మీద మధుమేహం ఉన్నవారు 11.4 శాతమని, అంటే పది కోట్ల పైమాటేనని భారత వైద్య పరిశోధన మండలి (ఐసీఎంఆర్) అధ్యయనం 2023లో తేల్చింది. మన పళ్ళెంలో శక్తిలో దాదాపు 62 శాతం పిండిపదార్థాల నుంచే వస్తోందని కూడా అదే అధ్యయనం చెప్పింది. అన్నం తినే లాల్‌దర్వాజా ఇంటికీ, నాన్ తినే యాకుత్‌పురా ఇంటికీ ఆ అంకె సమానంగా వర్తిస్తుంది.

షేక్ ఎందుకు పనిచేస్తుంది? పొడిలో ఏ మహిమా లేదు. తినేవాడి చేతిలోంచి నిర్ణయాన్ని తీసేయడమే దాని బలం. కూర్చుని పనిచేసే మగవాడికి రోజుకు 2110 కేలరీలు, ఆడమనిషికి 1660 చాలని ఐసీఎంఆర్ 2020లో లెక్క కట్టింది. ఎవరైనా తాము తిన్నదాన్ని గుర్తుచేసుకుని చెప్పమంటే తక్కువే చెబుతారు. అబద్ధమాడి కాదు, కంటికి ఆనక. నూనె కనబడదు, వడ్డించిన రెండో గరిటె గుర్తుండదు. షేక్ గ్లాసుకు రెండో గరిటె లేదు. రుచి కూడా నాలుగు రోజుల్లో విసుగెత్తిస్తుంది. ఆ విసుగు ఒక రకంగా మందే. ఏం వండాలి, ఎంత వండాలి, ఎంత తినాలి అన్న మూడు ప్రశ్నలూ పోయి ఒక్క చెంచా కొలత మిగులుతుంది.

ఒంట్లో జరిగేది కూడా తెలిసిందే. తీసుకునే శక్తి బాగా తగ్గగానే కాలేయంలో నిల్వ ఉన్న కొవ్వు ముందు కరుగుతుంది. న్యూకాసిల్‌లో రాయ్ టేలర్ బృందం 2011లో పదకొండు మంది షుగర్ రోగులను ఎనిమిది వారాలు రోజుకు 600 కేలరీల మీద ఉంచితే, మొదటి వారంలోనే పరగడుపు చక్కెర మామూలు స్థితికి వచ్చింది. తర్వాత మెల్లగా క్లోమంలోని కొవ్వు తగ్గి, ఇన్సులిన్ ఊరడం మెరుగుపడింది. ఒక్కొక్కరి ఒంటికీ కొవ్వును మోయగల హద్దు ఒకటుంటుందని, అది దాటితే షుగర్ వస్తుందని, వెనక్కి తగ్గితే పోవచ్చని టేలర్ వాదన. 22.3 దగ్గరే కొవ్వు పేరుకున్న పుణే వైద్యుడి బొమ్మను ఈ వాదన పక్కన పెట్టి చూస్తే పాతబస్తీలో సన్నగా కనబడే మనుషులకు కూడా షుగర్ ఎందుకుందో అర్థమవుతుంది.

ఆ పదకొండు మంది నుంచి పెద్ద పరీక్షకు దారి పడింది. స్కాట్లండ్, ఇంగ్లండులలో 49 ప్రాథమిక వైద్యశాలల్లో జరిగిన ‘డైరెక్ట్’ అధ్యయనం ఫలితాలు 2017 డిసెంబరులో వచ్చాయి. షుగర్ వచ్చి ఆరేళ్ళు దాటనివారికి మూడు నుంచి ఐదు నెలలు రోజుకు 825 నుంచి 853 కేలరీల పొడి ఆహారం మాత్రమే ఇచ్చారు. తర్వాత కొన్ని వారాలలో మెల్లగా మామూలు తిండి తెచ్చారు. ఏడాది తిరిగేసరికి వారిలో 46 శాతం మంది మందులు లేకుండానే షుగర్ లేని స్థితిలో ఉన్నారు. మామూలు చికిత్సలో ఉన్నవారిలో అది 4 శాతం. పదిహేను కిలోలకు మించి తగ్గినవారిని విడిగా లెక్కిస్తే 86 శాతం. షుగర్‌తో నిమిత్తం లేకుండా ఊబకాయం ఉన్నవారి మీద ఆక్స్‌ఫర్డ్ బృందం చేసిన ‘డ్రాప్లెట్’ పరీక్షలో, ఎనిమిది వారాలు రోజుకు 810 కేలరీల మీద ఉన్నవారు ఏడాది చివర సగటున 10.7 కిలోలు తగ్గారు. నర్సు సలహాలతో సరిపెట్టుకున్నవారు 3.1 కిలోలు.

ఒకటో రెండో పూటలు మాత్రం మార్చే పద్ధతికి ఫలితం ఇంత కొట్టొచ్చినట్టు ఉండదు. 23 అధ్యయనాలను కలిపి 2019లో చేసిన సమీక్షలో, మిగతా డైట్ల కంటే మీల్ రీప్లేస్‌మెంట్ ఉన్న డైట్‌లో ఏడాదికి సుమారు కిలోన్నర ఎక్కువ తగ్గినట్టు తేలింది. కిలోన్నర చిన్నదే. కానీ పోల్చింది ఏమీ చేయనివారితో కాదు, వేరే పద్ధతిలో కష్టపడుతున్నవారితో. అమెరికాలో ఐదు వేల మందికి పైగా షుగర్ రోగులతో 2001లో మొదలైన ‘లుక్ అహెడ్’ అధ్యయనం కూడా ఈ షేక్‌లను వాడింది. మొదటి ఏడు బరువు 8.6 శాతం తగ్గింది. అయితే దాదాపు పదేళ్ళు చూసినా గుండెపోట్లు తగ్గలేదని 2012లో ప్రకటించి దాన్ని ముగించారు. బరువు తగ్గడం, గుండె బాగుపడడం ఒకే మాట కాదని చెప్పడానికి అంతకన్నా ఖరీదైన పాఠం మరొకటి ఉండదు.

ఇవన్నీ పరీక్షల్లో వచ్చిన లెక్కలు. పాతబస్తీలో మనిషి రోజు పరీక్షలా ఉండదు. పొద్దున ఫజర్ నమాజు తర్వాత పాయా, నహారీ అమ్మే హోటళ్ళు తెరుస్తాయి. పురానీ హవేలీ దగ్గర నాన్ల భట్టీల ముందు వరస కడతారు. కాసేపటికి ఖిచిడీ, ఖీమా, ఖట్టా. గౌలిపురా, అలియాబాద్ వైపు ఇడ్లీ, వడ, పూరీ బండ్లు. పదకొండింటికి ఇరానీ చాయ్, ఉస్మానియా బిస్కెట్. మధ్యాహ్నం అన్నమో బగారా అన్నమో. సాయంత్రం మిర్చీ, లుఖ్మీ, మళ్ళీ చాయ్. రాత్రి తొమ్మిది దాటాక ఇంటి భోజనం, పెళ్ళి ఉంటే పదకొండు దాటాక.

ఇందులో ఏ పూటను మార్చాలన్నదే అసలు ప్రశ్న. అమ్మేవాళ్ళు చెప్పే సూత్రం ఒకటే: పొద్దున ఒక షేక్, రాత్రి ఒక షేక్. ఇంటింటికీ పొద్దు తేడాగా ఉండే ఈ బస్తీలో ఆ సూత్రం నిలవదు. రాత్రి భోజనం పాతబస్తీ ఇంట్లో అందరూ ఒకచోట కూర్చునే పూట. దస్తర్‌ఖాన్ పరిచాక ఒక్కరు గ్లాసు పట్టుకుని పక్కన కూర్చుంటే, అది ఆ ఒక్కరి డైట్‌గా ఉండదు, ఇంటిల్లిపాదికీ ఇబ్బందిగా మారుతుంది. వారం లోపే అమ్మో, అత్తో ‘ఇంత తిను, ఏం కాదు’ అంటుంది. ఆ మాటకు ఎదురు చెప్పేంత బలం ఏ పొడికీ లేదు. మార్చదగినది ఒంటరిగా తినే పూట, దారిలో తినే పూట. దుకాణానికి పోతూ మింగే నాలుగు పూరీలు, కార్ఖానాలో కూర్చున్న చోటే తెప్పించుకునే ఖీమా–రోటీ. ఆ పూట పోయినా ఎవరూ నొచ్చుకోరు. అడిగేవాడు లేని పూటే తేలిగ్గా మారుతుంది.

ఇక పొడి కలిపే విధానం. డబ్బా మీద 25 గ్రాముల పొడిని 300 మిల్లీలీటర్ల పాలలో కలపమని రాసి ఉంటే, పొడి నుంచి వచ్చేది నూరు కేలరీల లోపే. మిగతాదంతా పాలది. ప్యాకెట్‌లో వచ్చే టోన్డ్ పాలైతే ఆ 300 మిల్లీలీటర్ల నుంచి సుమారు 180 కేలరీలు, 9 గ్రాముల ప్రొటీన్. మొత్తం 280 దాకా. పాతబస్తీలో చాలా ఇళ్ళకు ఇంకా డెయిరీ నుంచి గేదె పాలు వస్తాయి. మీగడ కట్టే ఆ చిక్కటి పాలతో అదే షేక్ 350 దాటుతుంది. ఒకటి రెండు ఖర్జూరాలు వేస్తే నాలుగు వందలు. ఇల్లాలు ప్రేమతో కలిపిన షేక్ కోడెక్స్ హద్దు దాటడానికి రెండు నిమిషాలు చాలు. డబ్బా కొన్నవాడు పొడికి డబ్బు పెట్టానని అనుకుంటాడు గానీ, ఆ గ్లాసులో సగానికి పైగా శక్తి పాలవాడు పోసిందే.

చాయ్ లెక్క ఇంకా సూటిగా ఉంటుంది. కప్పుకు రెండు చెంచాలు, అంటే పది గ్రాముల చక్కెర. రోజుకు ఐదు కప్పులు. చక్కెర నుంచే 200 కేలరీలు, పాలు, బిస్కెట్లు కలపకుండా. పొద్దున టిఫిన్ మానేసి షేక్ తాగి, చాయ్ మాత్రం మానని మనిషి ఒక పూట తగ్గించి ఒక పూట కలుపుకుంటున్నట్టే. తూకం కదలకపోతే తప్పు పొడిది అనుకుంటాడు.

డబ్బా కొనలేనివారికి అదే కొలత ఇంట్లో సాధ్యమే. రెండు ఉడికిన గుడ్లు, ఒక చిన్న పుల్కా, ఒక కీరా దోసకాయ, ఒక గ్లాసు పల్చటి మజ్జిగ. గుడ్లు 150 కేలరీలు, పుల్కా నూరు, మిగతావి నలభై యాభై. మొత్తం మూడు వందలకు మించదు, ప్రొటీన్ 17, 18 గ్రాముల దాకా వస్తుంది. కోడెక్స్ కోరే నాలుగో వంతుకు ఇది ఇంచుమించు చేరుతుంది. విటమిన్ల లెక్క డబ్బాలో ఉన్నంత పక్కాగా ఉండదు, కాబట్టి రోజంతా దీని మీదే ఉండకూడదు. ఒక పూటకు దీన్ని మించింది అవసరం లేదు. అయితే ఒక షరతు. రోజూ అదే తినాలి, అదే కొలతలో. వెరైటీ మొదలైతే ఇది మళ్ళీ టిఫినే.

వైద్యం వయసులో ఈ ఆలోచన కంటే చాలా పెద్దదైన మరో ఆలోచన చార్మినార్ పక్కనే ఉంది. నిజామియా యునానీ ఆసుపత్రిలో ఊబకాయాన్ని ‘సమన్–ఎ–ముఫ్రిత్’ అంటారు. చికిత్సలో మొదటి మెట్టు ఆహారం. ఇబ్న్ సీనా వెయ్యేళ్ళ కిందట లావాటివారికి పరిమాణంలో ఎక్కువగా, పోషణలో తక్కువగా ఉండే తిండి పెట్టమన్నాడు. చరకసంహిత కూడా స్థూలకాయులకు జీర్ణానికి బరువుగా ఉండి పోషించని ఆహారమే ఇవ్వమంది. ఇద్దరూ కడుపు నిండిన అనుభూతిని కాపాడాలనుకున్నారు. నేటి షేక్ దీనికి సరిగ్గా ఎదురు దిశలో పోతుంది. పరిమాణం తక్కువ, పోషణ ఎక్కువ, నమలడానికేమీ లేదు. కొందరు కొద్ది రోజులకే ఓపలేకపోవడానికి ఇది ఒక కారణం కావచ్చు. షేక్‌తో పాటు ఒక గిన్నెడు ఆకుకూరో, దోసకాయ ముక్కలో పెట్టుకునే పద్ధతి ఇబ్న్ సీనాకు, కోడెక్స్‌కు మధ్య కుదిరిన రాజీ అనుకోవచ్చు. టేలర్ కూడా తన పదకొండు మందికి షేక్‌లతో పాటు కూరగాయలు పెట్టాడు.

రంజాన్ నెల వేరే కథ. పగలంతా ఉపవాసం కాబట్టి బరువు తగ్గుతారని బయటివారు అనుకుంటారు. ఇఫ్తార్‌లో ఖర్జూరాలు, పండ్లు, దహీ వడలు, పకోడీలు, తర్వాత హలీం. తరావీహ్ నమాజు అయ్యాక మదీనా బిల్డింగ్ నుంచి చార్మినార్ దాకా బజారు సహరీ వేళ వరకు మూతపడదు. అసలు ముప్పు ఇఫ్తార్ దగ్గర కాదు, ఆ బజారులో అర్ధరాత్రి తినే మూడో భోజనం దగ్గర ఉంది. పొడిని వాడాలంటే అక్కడే వాడాలి. సహరీకి షేక్ ఒక్కటే తాగి పడుకుంటే మధ్యాహ్నానికి నీరసం వస్తుంది. సహరీలో పీచు, ప్రొటీన్ ఉన్న గట్టి తిండి ఉండాలి. మొత్తం తిండి మానేసే పద్ధతిని రంజాన్‌లో మొదలుపెట్టడం మాత్రం తగదు. షుగర్ మందుల మీద ఉన్నవారికైతే అది ప్రమాదమే. హలీం గురించి ఒక మాట. 2010లో భౌగోళిక గుర్తింపు పొందిన ఈ వంటకం గోధుమ, మాంసం, పప్పులు, నెయ్యి కలిపి గంటల తరబడి రుబ్బి వండినది, అంటే ఒక్క గిన్నెలో పూర్తి భోజనం. దాన్ని భోజనానికి బదులు తినేవారు తక్కువ. భోజనానికి ముందు తింటారు.

పెళ్ళి దావత్‌లది ఇంకో తీరు. లుఖ్మీ, మరగ్, బిర్యానీ, ఖుబానీ కా మీఠా, డబల్ కా మీఠా. వారానికి రెండు దావత్‌లు ఉండే పెళ్ళిళ్ళ నెలల్లో ఎవరూ డైట్ నిలబెట్టుకోలేరు. ఆ రాత్రికి ముందు పూట షేక్‌తో సరిపెట్టి, మర్నాడు పొద్దున కూడా షేక్‌తోనే గడిపితే నష్టం కొంత తగ్గుతుంది. దావత్‌కు వెళ్ళి తినకుండా కూర్చోమని చెప్పే ఆహార నిపుణుడు ఈ బస్తీలో పుట్టినవాడు కాడు. లాల్‌దర్వాజా బోనాలప్పుడు ఇంటికి వచ్చిన బంధువులకు యాట కూర వడ్డించే గౌలిపురా ఇంటికి కూడా ఇదే వర్తిస్తుంది.

మందుల విషయంలో మాత్రం ఏ సర్దుబాటూ కుదరదు. డైరెక్ట్ అధ్యయనంలో పొడి ఆహారం మొదలైన రోజే షుగర్ మాత్రలు, బీపీ మాత్రలు ఆపించారు, తర్వాత అవసరాన్ని బట్టి తిరిగి ఇచ్చారు. మన దగ్గర దీనికి తలకిందులుగా జరుగుతుంది. మనిషి తిండి మానేస్తాడు, మాత్ర మానడు. గ్లిమెపిరైడ్ వంటి మాత్ర, ఇన్సులిన్ ఇంజెక్షన్ ఖాళీ కడుపున రక్తంలో చక్కెరను మరీ కిందికి లాగేస్తాయి. చెమటలు పట్టి, చేతులు వణికి, మాట తడబడినప్పుడు పక్కవారు అది డైట్ నీరసమనుకుంటే ప్రాణం మీదికి వస్తుంది. డాపాగ్లిఫ్లోజిన్, ఎంపాగ్లిఫ్లోజిన్ కోవలోని మందులు పిండిపదార్థం బాగా తగ్గినప్పుడు రక్తంలో కీటోన్ ఆమ్లాలను పెంచి, చక్కెర మామూలుగా కనబడుతూ ఉండగానే మనిషిని ఆసుపత్రి పాలు చేయగలవు. రక్తం పల్చబడడానికి వార్ఫరిన్ వాడేవారు కొత్త పొడి మొదలుపెట్టే ముందు అందులోని విటమిన్ కె సంగతి వైద్యుడికి చెప్పాలి. బీపీ మాత్రల మోతాదు కూడా బరువుతో పాటు తగ్గించాలి. లేకపోతే లేచి నిలబడగానే కళ్ళు తిరుగుతాయి.

బరువు వేగంగా తగ్గితే పిత్తాశయంలో రాళ్ళు ఏర్పడవచ్చు, గౌట్ ఉన్నవారికి కీళ్ళ నొప్పి తిరగబెట్టవచ్చు. మలబద్ధకం, చలి వేయడం, రెండు మూడు నెలలకు జుట్టు ఊడడం తరచుగా కనబడేవి. జుట్టు తిరిగి వస్తుంది. గర్భిణులు, పాలిచ్చే తల్లులు, టైప్ 1 షుగర్ ఉన్నవారు, ఈ మధ్యే గుండెపోటు వచ్చినవారు, కిడ్నీ జబ్బు ముదిరినవారు, తిండితో మానసికంగా సతమతమయ్యేవారు మొత్తం తిండి మానేసే పద్ధతికి దూరంగా ఉండాలి. వీధి చివర గదిలో తూకం యంత్రం పెట్టి షేక్ పోసే కేంద్రాలలో ఈ జాబితా అడిగేవారు అరుదు. అక్కడ ఓపికగా పలకరించేవారుంటారు, రోజూ తూకం వేస్తారు. డాక్టరు దగ్గర దొరకనిది అదే కాబట్టి జనం పోతారు. ఆ పలకరింపునూ తూకాన్నీ బస్తీ దవాఖానా తీసుకుని, మందుల లెక్క కూడా చూస్తే పొడి సంగతి సగం తేలిపోతుంది.

2025 మార్చిలో మౌంజారో, జూన్‌లో వెగోవీ అనే ఇంజెక్షన్లు మన దేశంలో అమ్మకానికి వచ్చాక చాలామంది షేక్‌ల పని అయిపోయిందనుకున్నారు. అలా జరగలేదు. ఈ మందులు ఆకలిని చంపుతాయి, కానీ ఆకలి లేని మనిషి ప్రొటీన్‌ను కూడా తగ్గించేస్తాడు. రెండు ముద్దల అన్నంతో లేచిపోయేవాడికి ఒక పూట కొలత ప్రొటీన్ షేక్ కండను కాపాడవచ్చు. పని మారింది, పొడి మిగిలింది.

పొడి మానేసిన తర్వాతి నెలలే ఈ చికిత్సలో అన్నిటికన్నా కష్టమైనవి. డైరెక్ట్‌లో ఉన్నవారిలో రెండో ఏడు చివరికి షుగర్ లేనివారు 46 శాతం నుంచి 36 శాతానికి దిగారు. ఐదేళ్ళ పాటు వెంట ఉండి చూసిన బృందంలో 13 శాతం మిగిలారు, సగటున ఆరు కిలోల తగ్గుదల మాత్రం నిలిచింది. కాబట్టి మామూలు తిండిని ఒక్కసారిగా తేకూడదు. మొదటి రెండు వారాలు ఒక పూట, తర్వాత రెండో పూట. మధ్యాహ్నం అన్నం తిరిగి వచ్చే రోజున గిన్నె కొత్తదిగా, చిన్నదిగా ఉండాలి. పాత పళ్ళెం పాత కొలతను గుర్తుచేస్తుంది. వారానికొకసారి అదే యంత్రం మీద, అదే వేళకు తూకం.

బరువు తిరిగి పెరుగుతుందని ముందే ఒప్పుకుని దానికి దారి వేసిపెట్టడం డైరెక్ట్ బృందం చేసిన తెలివైన పని. రెండు కిలోలు పెరిగితే ఒకటో రెండో పూటలు కొన్ని వారాలు మళ్ళీ పొడి మీదికి. నాలుగు కిలోలు పెరిగినా, షుగర్ తిరిగి కనబడినా మరో నాలుగు వారాలు పూర్తిగా పొడి మీదే, వైద్యుడి కనుసన్నల్లో. పాతబస్తీలో ఆ రెండు కిలోలు ఎప్పుడు వస్తాయో క్యాలెండరులోనే రాసి ఉంటుంది: ఈద్ తర్వాతి వారం, బోనాల తర్వాతి వారం, పెళ్ళిళ్ళ కాలం ముగిసిన నెల. ఆ మూడు తేదీల పక్కన తూకం అని రాసుకుని, ఒక డబ్బా గానీ, ఇంట్లో గుడ్లూ మజ్జిగా గానీ ముందే సిద్ధంగా పెట్టుకోవాలి.